సవరణ: ఒక్కడివల్ల ఏమీ కాదని కాదు

"మన అభిప్రాయాలు చాలావరకు చుట్టూ ఉన్నవాళ్లు మలిచినవే" అని గత పోస్టులో రాశాను. అయితే ఒక్కడివల్ల ఏమీ కాదన్నమాట, అని కొందరు అర్థం చేసుకున్నారు. నా ఉద్దేశం అది కాదు.

అక్కడ చెప్పింది మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ 1950లలో చేసిన గీతల ప్రయోగం గురించి. ఏ గీత ఎంత పొడవో కళ్లకు కనిపిస్తూనే ఉన్నా, గదిలో మిగతావాళ్లంతా (ముందే మాట్లాడిపెట్టుకున్నవాళ్లు) తప్పు చెబితే, దాదాపు మూడో వంతు సమాధానాలు అటే మొగ్గాయి. పోస్టులో ఉన్నది ఇంతవరకే. అదే ప్రయోగంలో పక్కనున్న ఒక్కరు నిజం చెబితే చాలు, ఆ తప్పులు అంతకుముందున్న వాటిలో సుమారు నాలుగో వంతుకు తగ్గిపోయాయి. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. గుంపుకి తలవంచిన మనిషే, తోడుగా ఒక్క గొంతు లేచేసరికి నిలబడగలిగాడు. ఆ గొంతూ సమాజంలోదే.

అందుకే "మలిచినవే" అన్నచోట "మలిచినవే, మనమూ తిరిగి ఇతరులవి మలుస్తాం" అని చదువుకోండి.