పొట్టి తుపాకీకి ఏ తూటా?

సైన్యానికి కొత్త కార్బైన్ (పొట్టి రైఫిల్) దక్కడానికి పట్టిన కాలం తలచుకుంటే బాధ కలుగుతుంది. సైన్యం వాడుతూ వచ్చిన 9 ఎంఎం స్టెర్లింగ్ తుపాకీకి కాలం చెల్లిందని అందరికీ తెలుసు. అయినా 44,618 కార్బైన్ల కొనుగోలు ఏళ్ల తరబడి సాగి, చివరికి పోటీలో ఒక్క కంపెనీయే మిగలడంతో 2016లో రద్దయింది. 2018లో అత్యవసరమంటూ 93,895 కార్బైన్లకు మళ్లీ కదిలారు. యూఏఈకి చెందిన కారకాల్ ఎంపికైంది, 2020లో అదీ ఆగిపోయింది. 2022 జులైలో రక్షణ కొనుగోళ్ల మండలి సుమారు 4 లక్షల కార్బైన్లకు ఆమోదం తెలిపింది. 2025 డిసెంబర్ చివర్లో 4.25 లక్షల కార్బైన్ల కోసం భారత్ ఫోర్జ్, పీఎల్ఆర్ సిస్టమ్స్‌లతో రూ.2,770 కోట్ల ఒప్పందాలు కుదిరాయి. ఇన్నేళ్ల తర్వాతైనా తెగిన ఈ నిర్ణయాన్ని మేము మనసారా స్వాగతిస్తున్నాం.

రాష్ట్రాల పోలీసు శాఖలు, కేంద్ర బలగాలు కూడా ఇలాంటి పొట్టి తుపాకులు కొంటూనే ఉంటాయి. అప్పుడు ధర, దేశీయత మీద జరిగే చర్చలో పదో వంతు కూడా తూటా మీద జరగదు. మా ఆందోళన దాని గురించే.

తుపాకీని పొట్టి చేయడమంటే బారెల్‌ను తగ్గించడం. జీపులోంచి దిగేటప్పుడు, ఇరుకు మెట్ల మీద మలుపు తిరిగేటప్పుడు, గది తలుపు తోసుకుని వెళ్లేటప్పుడు పొడవాటి రైఫిల్ అడ్డం పడుతుంది. అందుకే కార్బైన్ కావాలి. కానీ బారెల్ తగ్గితే తూటాలోని మందు లోపల మండే దూరమూ తగ్గుతుంది. 5.56×45 తూటా (బుల్లెట్ వ్యాసం, మందు నింపే గొట్టం పొడవు మిల్లీమీటర్లలో) 20 అంగుళాల బారెల్‌లోంచి సెకనుకు సుమారు 940 మీటర్ల వేగంతో వెళుతుంది. అదే తూటా పదిన్నర అంగుళాల బారెల్‌లోంచి వస్తే వేగం 780 మీటర్ల దరిదాపులకు పడిపోతుంది. ఆ చిన్న తూటా బలమంతా వేగంలోనే ఉంది. వేగం పోతే దూరంలో దాని ప్రభావమూ పోతుంది. లోపల మండకుండా మిగిలిన మందు బయట మంటగా, చెవులు చిల్లులు పడే మోతగా తేలుతుంది. రైఫిల్ మోత 160 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. ఇలా ఒక్కసారిగా పేలే మోత 140 దాటితే చాలు, వినికిడికి ముప్పు. నాలుగు గోడల మధ్య కాల్చే జవాను చెవుల సంగతి ఎవరైనా పట్టించుకున్నారా?

ఈ పాఠం కొత్తది కాదు. వియత్నాం యుద్ధంలో అమెరికా తొలుత 10 అంగుళాల బారెల్‌తో ఇచ్చిన పొట్టి రైఫిల్ మోత, మంట భరించలేక దాన్ని 11.5 అంగుళాలకు పెంచింది.

మరి 9 ఎంఎం చాలదా? దాని మందు చిన్న బారెల్‌లోనే చాలావరకు మండుతుంది. మోత, మంట తక్కువ. హైదరాబాద్‌లోని లోకేష్ మెషిన్స్ తయారుచేసిన 9 ఎంఎం అస్మి తుపాకులు 550 ఇప్పటికే సైన్యం ఉత్తర కమాండ్‌కు చేరాయి. మన ఊరి ఫ్యాక్టరీ నుంచి వెళ్లినందుకు గర్వపడుతున్నాం. వాహనాల సిబ్బందికి, ప్రముఖుల రక్షణకు అది తగిన ఆయుధమే. ముంబయిలో 2008 నవంబర్ 26న ఏకే రైఫిళ్లతో దిగిన ముష్కరుల వంటి వారు ఎదురైతే మాత్రం వంద మీటర్ల లోపు పనికొచ్చే పిస్టల్ తూటా మీదే ఆధారపడలేం. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకున్న శత్రువు ముందు దాని బలం ఇంకా తగ్గిపోతుంది.

డీఆర్‌డీవో రూపొందించిన జేవీపీసీ అనే కార్బైన్ మధ్యేమార్గంగా 5.56×30 తూటా ఎంచుకుంది. బరువు మూడు కిలోలు, 200 మీటర్ల వరకు పనితనం, తక్కువ కుదుపు. ఇంజినీర్ల ఆలోచన మంచిదే. చిక్కు సరఫరాలో ఉంది. ఆ తూటాను మన బలగాల ప్రధాన రైఫిళ్లలో వాడలేం.

ఇప్పుడు మన బలగాల అమ్ములపొదిని ఒక్కసారి చూడండి. ఇన్సాస్‌కు 5.56×45. జేవీపీసీకి 5.56×30. సిగ్ 716కి, పోలీసుల దగ్గర ఇంకా ఉన్న ఎస్ఎల్ఆర్‌కు 7.62×51. ఏకే-203కి 7.62×39. స్టెర్లింగ్, ఎంపీ5, అస్మికి 9×19. ఇవే ఐదు రకాలు. అందులో రెండు జతలకు పైకి చెప్పే సంఖ్య (5.56, 7.62) ఒకటే, కానీ ఒకదాని తూటా మరొకదానిలో పనిచేయదు. అర్ధరాత్రి అడవిలో దించిన పెట్టె తెరిచి, లోపల తమ తుపాకీకి సరిపోని తూటాలు చూసిన దళం పరిస్థితి ఊహించుకోండి. అమెరికాలో .300 బ్లాకౌట్ అనే తూటా ఉంది. 9 అంగుళాల బారెల్‌కు, సైలెన్సర్‌కు తగ్గట్టుగా చేసింది, చక్కగా పనిచేస్తుంది. అయినా ఐదు రకాలు మోస్తున్న వ్యవస్థ నెత్తిన ఇంకొకటి పెట్టడం మాకు సమ్మతం కాదు.

అన్నీ చూశాక మా మాట ఇదే. పోలీసు ప్రత్యేక దళాలకు 5.56×45 తూటానే ఉంచాలి. బారెల్ 11 అంగుళాలకు తగ్గకూడదు. సైలెన్సర్‌ను తర్వాత చూద్దామని వాయిదా వేయకుండా మొదటి టెండర్‌లోనే అడగాలి. ఎందుకంటే 14.5 అంగుళాల బారెల్‌కు ఆరంగుళాల సైలెన్సర్ తగిలిస్తే మళ్లీ పాత పొడవాటి రైఫిలే చేతికొస్తుంది. సైలెన్సర్ పెడితే వెనక్కి తన్నే గ్యాస్ ఎక్కువై కాల్చేవాడి కళ్లలోకి వస్తుంది కాబట్టి గ్యాస్‌ను సర్దుకునే ఏర్పాటు కూడా తుపాకీలోనే ఉండాలి. భుజానికి ఆనించే మడత స్టాక్, టార్చ్, మెడకు వేసుకునే పట్టీ లేకుండా ధర లెక్కగడితే ఆ లెక్క తప్పే.

రెడ్ డాట్ సైట్ (ఎర్ర చుక్కతో గురి చూపే పరికరం) గురించి ఒక మాట. అది బారెల్‌కు రెండు, రెండున్నర అంగుళాలు పైన ఉంటుంది. పది అడుగుల దూరంలో చుక్క పెట్టిన చోట కాకుండా అంతమేర కిందికి తూటా తగులుతుంది. బందీ వెనుక దాక్కున్న దుండగుడి మీద గురిపెట్టినప్పుడు ఆ రెండంగుళాలే ఒక ప్రాణం. ఈ తేడా చేతికి అలవాటు కావాలంటే వందల తూటాలు కాల్చాలి. తుపాకులకు కోట్లు మంజూరు చేసి సాధన తూటాల దగ్గర చెయ్యి ముడుచుకునే పద్ధతిని మేము ఒప్పుకోలేం. ప్రతి కార్బైన్ ధరతో పాటు అయిదేళ్ల సాధనకు సరిపడా తూటాల ఖర్చును అదే ఫైల్‌లో చూపించాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకు ఒక సౌలభ్యం ఉంది. 1989లో పుట్టిన గ్రేహౌండ్స్ అనుభవం, ఆక్టోపస్ అనుభవం ఇక్కడే ఉన్నాయి. కొనుగోలు కమిటీలో ఆ దళాల్లో తిరిగిన ఇన్‌స్పెక్టర్లకు, కానిస్టేబుళ్లకు చోటివ్వాలి. వానలో, బురదలో, దీపాలార్పిన గదిలో, పూర్తి జాకెట్ వేసుకుని వాళ్లు కాల్చి చూసి సరేనన్నాకే అధికారులు సంతకం పెట్టాలి.