సాయం ఆరో తరగతి నుంచి మొదలవ్వాలి

ఊళ్లో ఆడపిల్లల బడికి ఏదైనా చేద్దామనుకోగానే అమెరికాలోని మన తెలుగు సంఘాల చూపు పదో తరగతి మీద పడుతుంది. స్టడీ మెటీరియల్, పరీక్ష అట్టలు, మంచి మార్కులకు నగదు బహుమతులు. లేదంటే ట్యాబులు, డిజిటల్ బోర్డు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల (హాస్టల్ ఉండే ప్రభుత్వ బాలికల బడుల) విషయంలో ఈ వరస మారాలన్నది మా అభిప్రాయం. మనమిచ్చే రూపాయిలో ముప్పావలా ఆరో తరగతికి వెళ్లాలి. అందులోనూ జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచి దసరా సెలవుల దాకా ఉండే కాలానికి.

2004లో మొదలైన ఈ బడుల్లో 75 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ అమ్మాయిలవి. మిగిలిన 25 శాతం దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల పిల్లలవి. చదువు మధ్యలో మానేసినవాళ్లు, అమ్మానాన్నల వెంట వలసపోయి బడి ముఖం చూడనివాళ్లు ఇక్కడ చేరతారు. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి కాబట్టి, మూడో తరగతి దగ్గర ఆగిన పిల్ల కూడా ఆరులో కూర్చుంటుంది. వెనకబడిన చదువును అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ పొందే హక్కునూ అదే చట్టం ఇచ్చింది. ఆ శిక్షణ సరిగా జరగకపోతే, పదో తరగతిలో ఎంత మెటీరియల్ పంచినా అది బట్టీకే పనికొస్తుంది. పైగా గోండి, సవర, లంబాడీ ఇంటిభాషగా ఉన్న అమ్మాయికి తెలుగే రెండో భాష. ఇంగ్లీషు మీడియం పాఠం ఆమెకు మూడో భాషలో వస్తుంది.

ముందు ఎవరు ఎక్కడున్నారో తెలియాలి. రాతపరీక్ష దీనికి పనికిరాదు, పక్కపిల్లను చూసి రాసేస్తారు. అందరిచేత కలిపి చదివిస్తే చదవడం రానిదీ గొంతు కలుపుతుంది. ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఎప్పుడూ చూడని కాగితం చేతికివ్వాలి: అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాల పేరా, పది వాక్యాల చిన్న కథ. లెక్కల్లో అంకెలు, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. పిల్లకు ఏడు నిమిషాలు చాలు. నలభై మందికి ఐదు గంటల లోపే అవుతుంది, ఇద్దరు టీచర్లు పంచుకుంటే రెండు సాయంత్రాల పని. ఆ తర్వాత సెక్షన్లను పక్కనపెట్టి, స్థాయిని బట్టి గుంపులు చేయాలి. గుంపులకు పూలపేర్లో నదులపేర్లో పెట్టండి. ‘డల్ బ్యాచ్’ అన్న మాట ఒక్కసారి వినబడిందంటే పన్నెండేళ్ల పిల్ల నోరు విప్పదు. రెండు వారాలకోసారి మళ్లీ చదివించి, ముందుకొచ్చినవాళ్లను పై గుంపులోకి మార్చాలి. ఈ మార్పిడి ఆగిపోతే గుంపు కాస్తా ముద్రగా మారిపోతుంది.

తెలుగులో చాలామంది ఆగేది వత్తుల దగ్గర. ‘అమ్మ’ను బొమ్మలా గుర్తుపట్టి చదివిన పిల్ల ‘పద్మ’ దగ్గర తడబడుతుంది. త, న, మ, య, ర, ల వత్తులకు వాటి అక్షరాలతో పోలిక ఉండదు. ఈ ఆరింటినీ విడిగా తీసుకుని, రోజుకొక వత్తు, పది పదాలు, ఆ పదాలున్న మూడు వాక్యాలు చొప్పున చెప్పాలి. ఇది జరగకుండా సైన్సులో ‘కిరణజన్య సంయోగక్రియ’ ఎదురైతే ఆ పిల్ల చదవదు, నోట్సులోకి గీసుకుంటుంది.

లెక్కల్లో మూడు వందల ఐదును 3005 అని రాస్తారు. విన్నది విన్నట్టు 300 వేసి, పక్కన 5 పెడతారు. వంద, పది, ఒకటి కట్టలుగా అగ్గిపుల్లలు కట్టించి చూపిస్తే, పదుల గడిలో సున్నా ఎందుకో అర్థమవుతుంది. 1/2కు 1/3 కలిపి 2/5 అంటారు. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడేస్తారన్నమాట. దీనికి ఒకే పొడవున్న కాగితపు పట్టీలు చాలు. పట్టీని ఆరు సమభాగాలుగా మడిస్తే సగం మూడు భాగాలు, మూడోవంతు రెండు, మొత్తం 5/6. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువైన 2/5 ఎలా వస్తుందని అడగండి, తప్పు పిల్లకే తడుతుంది. పదిలో బీజగణితం రాదని మనం బాధపడే పిల్లల్లో చాలామందికి అసలు అడ్డంకి ఈ భిన్నాలే.

ఇంగ్లీషుకు ద్విభాషా పాఠ్యపుస్తకం మంచి ఆధారం, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురుపేజీ తెలుగు. తెలుగు పేజీ ముందు చదివించి, ఇంగ్లీషు పేజీలో ఆరు ముఖ్యమైన మాటల కింద గీత గీయించి, ఒక్కో మాటతో ఒక వాక్యం నోటితో చెప్పించాలి. బోర్డు మీది జవాబులు ఎక్కించుకోవడంతో గంట గడిచిపోతే పుస్తకం రెండు భాషల్లో ఉండీ ఉపయోగం లేదు.

ఇక డబ్బు దేనికివ్వాలి? అన్నిటికన్నా ముందు, సాయంత్రం స్టడీ అవర్లో చదివించడమే పనిగా ఉండే మనిషికి. రెగ్యులర్ టీచర్లకు పగటి పాఠాలు, రికార్డులు, హాస్టల్ బాధ్యత ఉండనే ఉన్నాయి. తర్వాత పెద్ద అక్షరాల చిన్న కథల పుస్తకాలు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా దొరుకుతాయి, వాటిని ప్రింటు వేయించొచ్చు. కళ్లపరీక్ష, కళ్లజోళ్లు కూడా. బోర్డు కనబడక వెనకబడిన పిల్లను చదువు రాని పిల్ల అనుకోవడం అన్యాయం.

జూమ్‌లో పాఠం చెబుతామనేవాళ్లు నలభై మందిని ఒక ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టొద్దు. నలుగురమ్మాయిలకు ఒకరు, పిల్లలు చదువుతుంటే వినడం, అరగంట. ఇండియాలో శనివారం సాయంత్రం ఆరున్నర అంటే న్యూజెర్సీలో వేసవిలో ఉదయం తొమ్మిది, చలికాలంలో అక్కడ గడియారాలు గంట వెనక్కి జరిపాక ఎనిమిది. పిల్లల వేళ మారదు, మనమే గంట ముందు లేవాలి. కాలిఫోర్నియావాళ్లకు ఇండియా ఆదివారం ఉదయం ఏడు అనుకూలం, వాళ్లకది శనివారం సాయంత్రం. కాల్ జరిగినంతసేపూ టీచరమ్మ గదిలో ఉండాలి. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు, రికార్డింగు, స్క్రీన్‌షాట్లు ఉండకూడదు. ఇది ఆడపిల్లల హాస్టల్, ఈ నియమాల్లో ఎవరికీ మినహాయింపు వద్దు.

దాతలుగా మనం బడిని అడగాల్సింది చెక్కు అందుకుంటున్న ఫొటో కాదు. జూన్‌లో అక్షరాల గుంపులో ఎందరు, కథ గుంపులో ఎందరు, దసరాకు ఆ రెండు అంకెలూ ఎంతయ్యాయి, ఇంకా అక్షరాల దగ్గరే ఉన్నవాళ్లకు నవంబరులో ఏం చేయబోతున్నారు. పిల్లల పేర్లక్కర్లేదు, ఒక్క కాగితం చాలు.