ఫ్రేముకీ గోడకీ మధ్య సందు ఎవరిది?

చెన్నైలో కిటికీలు మార్పించుకుందామని అనుకుంటున్నవాళ్ళకి ముందే ఒక మాట. షోరూమ్‌లో చూపించేవన్నీ బాగానే ఉంటాయి. ప్రొఫైలు (ఫ్రేము చేసే కడ్డీ) మందం, లోపలి స్టీలు పట్టీ, రెండు గాజులు, మెత్తగా తిరిగే హ్యాండిల్, అన్నీ నిజమే. కానీ గాలివాన రోజు ఇంట్లోకి నీళ్ళు వాటిలోంచి రావు. కొత్త ఫ్రేముకీ పాత గోడకీ మధ్య మిగిలిపోయిన సందులోంచి వస్తాయి. ఆ సందు గురించి షోరూమ్‌లో ఎవరూ మాట్లాడరు, కొటేషన్‌లో ఒక్క లైను కూడా ఉండదు. నా కోపమంతా ఆ సందు మీదే.

మేముండేది తిరువాన్మియూరులో, సముద్రానికి దగ్గరగా, పాత అపార్ట్‌మెంటులో. బిల్డరు పెట్టిన చెక్క కిటికీలు వానల్లో ఉబ్బి మూతపడవు, ఎండల్లో కుంచించుకుపోయి గాలీ దుమ్మూ లోపలికి వదులుతాయి. దానికి తోడు చెదలు. మార్చక తప్పలేదు. మంచి పేరున్నచోటే ఇచ్చాం. తెల్లటి యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్, కిటికీలు వచ్చాయి, మా అత్తయ్యగారు కూడా మెచ్చుకున్నారు. ఐప్పసి (అక్టోబరు-నవంబరుల్లో వచ్చే తమిళ నెల) వానలు మొదలయ్యేసరికి తూర్పు గదిలో కిటికీ కింద గోడ చెమ్మెక్కి రంగు పొక్కులు లేచింది. కంపెనీ మనిషి వచ్చి రెక్కలు తీసి, వేసి, "విండోలో లీకేజ్ లేదు మేడమ్, ఇది సివిల్ ప్రాబ్లెమ్, మా స్కోప్‌లో రాదు" అనేసి వెళ్ళాడు. మేస్త్రీని పిలిస్తే గోడ తట్టి చూసి, "గోడకేం రోగం లేదమ్మా, కిటికీ వాళ్ళే సరిగా కూర్చోబెట్టలేదు" అన్నాడు. ఎవరి హద్దులో వాళ్ళు నిలబడి మాట్లాడారు, ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. రెండు హద్దుల మధ్య ఉన్న ఆ ముక్కకే పట్టాదారు లేడు.

ఇది మా ఒక్కరి కథ అనుకోను. ఈ వ్యాపారం నడిచే తీరే అలా ఉంది. బోర్డు మీద కనిపించే బ్రాండు తయారుచేసేది పొడవాటి ప్రొఫైలు కడ్డీలు మాత్రమే. వాటిని కోసి, మూలలు వేడిమీద అతికించి కిటికీ చేసేది ఎక్కడో షెడ్డులో ఫాబ్రికేటరు. బిగించేది చాలాచోట్ల ఆ ఫాబ్రికేటరు దగ్గర చదరపు అడుగు లెక్కన పని తీసుకునే కుర్రాళ్ళు. ఎన్ని కిటికీలు బిగిస్తే అంత డబ్బు కాబట్టి మీ గోడ వంకర సరిచేసే ఓపిక వాళ్ళకి ఎందుకుంటుంది? ఇక చుట్టూ సిమెంటు పూత పూసే మేస్త్రీని మీరే తెచ్చుకోవాలి. వారంటీ కాగితం మీద ప్రొఫైలుకి ఏళ్ళకి ఏళ్ళు రాసి ఉంటుంది. బిగింపుకి ఎంత అని అడిగి చూడండి, మాట మారిపోతుంది.

అసలు తేడా కొలతల రోజే మొదలవుతుంది. పాత ఫ్రేము గోడలో ఉండగానే కొత్త కిటికీకి కొలత తీసుకుంటారు. పాత ఫ్రేమేమో ఊరికే నిలబడి ఉండదు, ఇనప హోల్డ్‌ఫాస్టులు గోడలోకి దిగి సిమెంటులో బిగిసి ఉంటాయి. దాన్ని పీకేటప్పుడు చుట్టూ ప్లాస్టరింగు ఊడుతుంది, ఒక్కోసారి ఇటుక ముక్కలు కూడా రాలతాయి, కింద గ్రానైటు పలక బీటలు వారినా ఆశ్చర్యం లేదు. చివరికి కంత ఒకవైపు అర సెంటీమీటరు, ఇంకోవైపు అంగుళం పెద్దదై కూర్చుంటుంది. కిటికీ మాత్రం షెడ్డులో ముందే తయారైపోయింది. ఇక మిగిలింది ఆ తేడాని ఏదో ఒకదానితో నింపెయ్యడమే.

పని తెలిసినవాడు కొలత తీసుకునే పద్ధతి వేరు. వెడల్పు పైన, మధ్యలో, కింద. ఎత్తు ఎడమ, మధ్య, కుడి. తర్వాత మూల నుంచి ఎదురు మూలకి రెండువైపులా. ఈ రెండూ సమానంగా లేకపోతే కంత మూలమట్టానికి లేదని అర్థం. అన్నిటిలో చిన్న కొలత తీసుకుని, ఒక్కో పక్క 5 మిల్లీమీటర్లో కాస్త ఎక్కువో వదిలి ఆర్డరు పెడతాడు. అనుమానం వస్తే ఓ మూల కాస్త ప్లాస్టరింగు చెక్కి, పాత ఫ్రేము గోడలోకి ఎంత దిగి ఉందో చూస్తాడు. టేపు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి ఫోన్లో నంబరు కొట్టుకునేవాడిని కాఫీ ఇచ్చి మర్యాదగా పంపించెయ్యండి.

"పాత ఫ్రేము పీకక్కర్లేదు, దాని లోపలే కొత్తది పెట్టేస్తాం, దుమ్ము ఉండదు, ఒక్క పూటలో అయిపోతుంది" అనేవాళ్ళూ ఉన్నారు. ఫ్రేము గట్టిగా ఉంటే అదీ ఒక దారే, గాజు జాగా మాత్రం తగ్గుతుంది. చెదలు పట్టిన ఫ్రేము మీద ఆ పని చేయిస్తే చెదలకి కొత్త కప్పు వేసినట్టే.

బిగింపు దగ్గర మీరు నిలబడాలి. పనివాళ్ళకి అడ్డమనుకోవద్దు, ఇల్లు మీది. ఫ్రేము కింద ప్లాస్టిక్ ప్యాకర్లు (సన్నటి ముక్కలు) పెట్టి రసమట్టంతో అడ్డం, తూకపుగుండుతో నిలువు సరిచూసుకున్నాకే స్క్రూలు వెయ్యాలి. స్క్రూ ప్లాస్టరింగుని దాటి ఇటుకలోకి దిగాలి. మూలలకి ఓ జానెడు లోపు ఒకటి, ఆ తర్వాత రెండడుగులకి మించకుండా ఒక్కోటి ఉండాలి. తర్వాత సందులోకి ఫోమ్, అంటే ఉబ్బి గట్టిపడే నురుగు, కొడతారు. పీయూ ఫోమ్ అంటే మనవాళ్ళకి అదేదో వాటర్‌ప్రూఫింగు అన్న భ్రమ ఉంది. అది సందు నింపుతుంది, చప్పుడు తగ్గిస్తుంది, నీళ్ళని మాత్రం నమ్మకంగా ఆపదు. ఎండ తగిలితే పసుపెక్కి పొడి పొడిగా రాలిపోతుంది. అతిగా కొడితే ఉబ్బి ఫ్రేమునే లోపలికి నొక్కుతుంది, అప్పుడు స్లైడింగు రెక్క మధ్యలో పట్టేస్తుంది. కాబట్టి ఫోమ్ మీద సిమెంటు పూత ఉండాలి, పూతకీ ఫ్రేముకీ కలిసేచోట సన్నగా, తెగకుండా సిలికాన్ గీత ఉండాలి.

సిలికాన్ దగ్గరే మోసం ఎక్కువ. అంగుళం సందుని సిలికాన్‌తో మెత్తేస్తారు. చూడ్డానికి తెల్లగా నున్నగా ఉంటుంది. దుమ్ము మీద, తడి సిమెంటు మీద అది అతుక్కోదు, ఓ ఎండాకాలం తిరిగేసరికి తోలులా ఊడి వస్తుంది. ట్యూబు విప్పగానే వెనిగర్ వాసన ఘాటుగా కొడితే అది గాజుకి వాడే రకం, సిమెంటు గోడకి పనికిరాదు. బయటివైపుకి న్యూట్రల్ రకం వెదర్ సిలికాన్ కావాలి. ఖరీదులో తేడా ట్యూబుకి కొద్దిగానే. ఆ కాస్త దగ్గర కక్కుర్తి పడతారు, అదే నాకు అర్థం కాదు.

ఇంకొకటి. స్లైడింగు కిటికీ కింది ట్రాకులో వాన నీళ్ళు చేరడం మామూలే. అవి బయటికి పోవడానికి ఫ్రేముకి బయటివైపు చిన్న చీలికల్లాంటి రంధ్రాలు ఉంటాయి. మా వంటింటి కిటికీకి వాటిని కూడా సిలికాన్‌తో శుభ్రంగా పూడ్చేశారు! లీకేజీ ఆపుతున్నామనుకున్నారు పాపం. దారి లేక ట్రాకు నిండి నీళ్ళన్నీ వంటగట్టు మీదికి వచ్చాయి.

ఇదంతా ఇంత పట్టుకుని చెప్పడానికి కారణం ఈ ఊరి వాన. చెన్నైకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది, అదీ ఈశాన్యపు గాలితో. తూర్పు, ఉత్తరపు గోడల మీద వాన నిలువుగా పడదు, అడ్డంగా కొడుతుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చిన రోజు, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటేముందు మిచాంగ్ తుపాను మనల్ని ముంచిన రోజులు గుర్తున్నవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. పాత ఇళ్ళకి కిటికీ పైన సన్‌షేడ్ ఉండేది, సగం వాన అక్కడే ఆగేది. ఇప్పటి టవర్లకి సన్‌షేడ్ అంటే నామోషీ. వానని ఆపాల్సిన భారమంతా ఆ సన్నటి సిలికాన్ గీత మీద పడింది.

ఇక అమ్మేవాళ్ళ కబుర్లు. "డబుల్ గ్లాస్ వేయించండి మేడమ్, ఏసీ బిల్లు సగానికి సగం" అన్నాడు మాతో ఒకాయన. బయట సున్నా కంటే కింద, ఇంట్లో 20 డిగ్రీలు ఉండే దేశాల్లో రెండు గాజుల విలువ రోజూ తెలుస్తుంది. మనకి బయట 38, ఏసీ గదిలో 26 అనుకుంటే తేడా 12 డిగ్రీలు. మనల్ని కాల్చేది గాజు మీద నేరుగా పడే ఎండ. మామూలు తెల్ల గాజు ఒకటైతే ఆ వేడిలో 80 శాతానికి పైగా లోపలికి వదులుతుంది, తెల్లగాజులు రెండు పెట్టినా 70 శాతం పైమాటే. పడమటి కిటికీకి కావలసింది ఎండని వెనక్కి కొట్టే పూత ఉన్న గాజు, లేదా బయట నీడ. పూత లేని డబుల్ గ్లాసుకి డబ్బు పొయ్యకండి. ఓఎంఆర్ లాంటి పెద్ద రోడ్డు పక్కన హారన్ల మోత కోసమైతే మధ్యలో పొర ఉండే లామినేటెడ్ గాజు మేలు. అయితే ఫ్రేము చుట్టూ సందు ఉన్నంతకాలం ఏ గాజు పెట్టినా చప్పుడు అటునుంచి వస్తూనే ఉంటుంది. చూశారా, మళ్ళీ అక్కడికే వచ్చాం.

టఫెన్డ్ (వేడితో గట్టిపరిచిన) గాజు అని బిల్లులో రాస్తే గాజు మూలన ముద్ర చూసుకోండి. ఐఎస్ 2553 అని ఐఎస్ఐ గుర్తుతో ఉండాలి. టఫెన్ చేశాక గాజుని కొయ్యడం కుదరదు, కాబట్టి సైటు దగ్గర గాజు కోసి పెడుతున్నాడంటే అది టఫెన్డ్ కాదు.

గాలి సంగతి ఎవరూ అడగరు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే ప్రాణం లేచి వచ్చే ఊరిది. రెండు రెక్కల స్లైడింగు పెడితే ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. ఇళ్ళ కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇంధన పొదుపు నియమావళి కూడా రెండు రెక్కల స్లైడింగుని 50 శాతం, పక్కకి తెరుచుకునే తలుపు రెక్కల కిటికీని 90 శాతం తెరుచుకునేదిగా లెక్కేసింది. మనలాంటి ఉక్కపోత ఊళ్ళకి తెరుచుకునే జాగా కార్పెట్ ఏరియాలో (ఇంటి లోపలి నేలలో) కనీసం 16.66 శాతం ఉండాలంది. అందరూ స్లైడింగే ఎందుకు పెడుతున్నారంటే గ్రిల్ వల్ల. బయటికి తెరుచుకునే రెక్కకి బయటి గ్రిల్ అడ్డం, లోపలికి తెరిస్తే కర్టెనూ మంచమూ అడ్డం. గ్రిల్‌ని లోపలివైపుకి మార్పిస్తే సరిపోతుంది, ఖర్చు కాస్త పెరుగుతుంది. పైగా తలుపు రెక్క రబ్బరు మీద బిగిసి మూసుకుంటుంది, స్లైడింగు అంచుకి ఉండేది కుచ్చులాంటి బ్రష్షే. అడ్డంగా కొట్టే వానకి ఏది ఆగుతుందో మీరే చెప్పండి. అన్నట్టు, పాత గ్రిల్ చెక్క ఫ్రేముకే బిగించి ఉంటే ఫ్రేముతో పాటు అదీ పోతుంది. పిల్లలున్న ఇంట్లో కొత్త గ్రిల్ వచ్చేదాకా ఏం చేస్తారో ముందే ఆలోచించుకోవాలి.

సముద్రం పక్కనైతే స్క్రూలు, కీళ్ళు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. 304 ఉప్పుగాలికి మచ్చలు తేలుతుంది. కొత్త ప్రొఫైలు మీద అంటించి ఉండే ప్లాస్టిక్ పొరని అందంగా ఉందని నెలల తరబడి ఉంచకండి, ఎండకి జిగురు కరిగి పట్టేస్తుంది. కొటేషన్‌లో 18 శాతం జీఎస్టీ కలిపారా, బాత్రూము చిన్న కిటికీకి కనీస చదరపు అడుగులంటూ ఎక్కువ వేశారా, రాళ్ళూ రప్పలూ కిందికి దింపేదెవరు, అన్నీ అడగాల్సినవే. అసోసియేషన్ సెక్రటరీకి కిటికీ రంగు ముందే చూపించడం కూడా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. మీ పాత కిటికీ మైలాపూరు, ట్రిప్లికేను పాత ఇళ్ళలో ఉండే బర్మా టేకుదైతే ముట్టుకోకండి. మంచి వడ్రంగిని పిలిచి కీళ్ళు మార్పించి, అంచులకి రబ్బరు పెట్టిస్తే ఇంకో తరం నడుస్తుంది. "పాతవి మేమే ఫ్రీగా తీసుకుపోతాం సార్" అని అంత ప్రేమగా అనేది ఎందుకో తెలుసా? ఆ టేకుకి పాత చెక్క కొనే కొట్లలో డబ్బొస్తుంది. ఆ డబ్బు మీదే.

మాకు జరిగింది చూసి మా ఎదురు ఫ్లాట్ నెల్లూరు పెద్దాయన, రైల్వేలో చేసి రిటైరైనవారు, ఏదైనా కాగితం మీద ఉండాలంటారు, తన కిటికీలకి షరతులు రాసుకున్నారు. కొలతలు తీసినవాడే బిగింపు రోజున ఉండాలి. పీకడం, పూత, సిలికాన్ అన్నీ ఒకే బిల్లులో, ఒకే మనిషి బాధ్యతలో ఉండాలి. బిగించాక బయటినుంచి పైపుతో కిటికీ చుట్టూ పావుగంట నీళ్ళు కొట్టి చూపించాలి. చివరి పదిశాతం డబ్బు మొదటి పెద్ద వాన వెలిశాకే. ఆ కాగితాన్ని ముగ్గురికి పంపారు. ఇద్దరు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. మూడో అతను చదరపు అడుగుకి కాస్త ఎక్కువ అడిగి, మేస్త్రీని తనే తెచ్చుకుంటానన్నాడు. పని అతనికే ఇచ్చారు.