చచ్చినవాడి తమ్ముడికి ఒక ఉత్తరం

చిరంజీవి భద్రసేనుడికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం, మీ అన్న తప్ప.

ఆమధ్య ఒక ఆదివారం సాయంత్రం, గుంటూరు బ్రాడీపేటలో మావాడి మేడ మీద గదిలో, మిరపకాయ బజ్జీల పొట్లం పక్కన మీ అన్న రుద్రసేనుడు కాలం చేశాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే నలుగురం కూర్చుని, ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట. అందులో మీ అన్న నా పాత్ర. దాని పద్ధతి నీకు తెలియంది కాదు. ప్రాణం సున్నాకి దిగినవాడు తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక వేయాలి. 10 గానీ ఆపైన గానీ పడితే ఒక మెట్టు బతుకు వైపు, తక్కువైతే ఒక మెట్టు కాటికి. ఏదో ఒకటి మూడైతే లెక్క తేలిపోతుంది. మొదట 14 పడింది. తర్వాత 7. మూడోసారి పాచిక దొర్లుకుంటూ పోయి పొట్లం కాగితం కింద దూరింది. ఎత్తి చూస్తే 1. ఒకటి పడితే రెండు తప్పుల కింద జమ. నూనె అంటిందేమో, 11 ఏమో అని ఆట నడిపే మా డీఎం చొక్కాతో తుడిచి మరీ చూశాడు. ఒకటే.

బతికించే మంత్రం మా జట్టులో పూజారి పాత్ర, అదే మా క్లెరిక్‌కి వచ్చు. నిమిషంలోపు వేయాలి, 300 బంగారు నాణేల విలువైన వజ్రాలు కావాలి. ఆ 300 పెట్టి అంతకుముందు వారమే నాలుగు గుర్రాలు కొన్నాం, ఒక్కోటి 75. గుర్రాలు బాగానే ఉన్నాయి. గుహ బయట గడ్డి మేస్తున్నాయి.

ఇక నీ సంగతి. మా ఇళ్ళల్లో మనిషి పోతే పెద్దకర్మ అయ్యేదాకా పక్కింటి పెళ్ళికి కూడా పోరు. నువ్వు మీ అన్న బదులు నా కొత్త పాత్రగా టీ చల్లారేలోపు దిగావు. అదీ ఎక్కడ? 200 ఏళ్ళుగా తలుపు తీయని సమాధిలో, మూడంతస్తుల కింద, సంకెళ్ళు వేసుకుని. "ఇక్కడికెట్టా వచ్చావురా?" అని ఒక్కడూ అడగలేదు. "ఆకలేస్తోందా?" అని అడిగారు. అదే బ్రాడీపేటలో అద్దెకు గది కావాలంటే ఆధార్ కార్డు, సొంతూరు, ఉద్యోగం, నాన్‌వెజ్ వండుతారా అని నాలుగు రకాల విచారణలు. నీకు ఆ రాత్రే కాపలా అప్పజెప్పి అందరూ గుర్రు పెట్టారు.

మా జిల్లాలో అన్నదమ్ముల గట్టు తగాదా తాతతో మొదలై మనవడి దాకా నడుస్తుంది. నువ్వు "అన్నయ్య కత్తి ఇదేనా?" అన్నావు, నడుముకి కట్టుకున్నావు, అయిపోయింది. దీన్నే మా దగ్గర కారుణ్య నియామకం అంటారు. కాకపోతే ఇక్కడ తండ్రి పోయిన కుర్రాడు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పట్టుకుని ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి ఏ చిన్న పోస్టులోనో చేరతాడు. నువ్వు మీ అన్న కుర్చీలోనే కూర్చున్నావు, నేరుగా ఐదో లెవెల్లో.

ఈ విషయంలో పారనోయా నయం. 1984లో వచ్చిన ఆ ఆటలో ఒక్కొక్కడికి ఆరు క్లోన్లు. ఒకటి పోతే ఇంకోటి దిగుతుంది, తమ్ముడనే నాటకం ఉండదు. 1977 నాటి ట్రావెలర్‌లో అయితే పాత్రను తయారు చేస్తుండగానే చావొచ్చు. పెన్సిల్ చెక్కిన శ్రమ తప్ప పోయేదేం లేదు.

నా కడుపుమంట వేరే. మీ అన్న కోసం నాలుగు పేజీల కథ రాశాను. ఒక సెలవు రోజు కొండవీడు కోట మీద కూర్చుని రాశాను. తగలబడిన ఊరు, చెప్పకుండా వెళ్ళిపోయిన తల్లి, తీరాల్సిన పగ. మా డీఎం మొదటి పేజీ దాటలేదు. ఇప్పుడేమో, "ఆ పగ తమ్ముడికి ఇచ్చేద్దాంలే బావా, వేస్ట్ కాకుండా" అంటున్నాడు. నీ కథ మొత్తం రెండు మాటలు: రుద్రసేనుడి తమ్ముడు, ముక్కోపి. పాత్ర వివరాలు రాసుకునే షీటు కూడా కొత్తది కాదు. రబ్బరుతో 'రు' చెరిపి 'భ' పెట్టాను. మిగతా పేరంతా మీ అన్నదే. చెరిపిన చోట కాగితం పల్చబడి, వెలుతురుకి పెడితే మీ అన్న ఇంకా లీలగా కనిపిస్తాడు.

అయినా రెండు వారాలకే అందరిదీ ఒకటే మాట: "వాడికన్నా వీడే నయంరా."

నిన్న అరండల్‌పేటలో ఖాళీ షీటు జిరాక్స్ తీయించాను, రెండు కాపీలు. షాపాయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం అప్లికేషన్ బాబూ ఇది? లాస్ట్ డేట్ ఎప్పుడు?" అన్నాడు.

వచ్చే ఆదివారం కావచ్చన్నాను.

ఇట్లు,
మీ ఇద్దరి పాచికా వేసేవాడు