బగ్ ట్రాకర్ గారికి, 4173 నంబరు విషయమై

మహారాజశ్రీ బగ్ ట్రాకర్ గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని పొద్దున్నుంచి మీ దగ్గర్నుంచి వచ్చిన నలభై మూడు మెయిళ్లు చెబుతున్నాయి.

సరే, మర్యాద అయిపోయింది. పదేళ్లకు పైగా ఇంట్లోవాళ్లకన్నా ఎక్కువగా నీ మొహమే చూస్తున్నాను కాబట్టి ఇకనుంచి నువ్వు అనే అంటాను. నేను మాదాపూర్‌లో ఆరో అంతస్తులో కూర్చునే టెస్టర్ని, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు, అంటే బగ్‌లు పట్టి నీ దగ్గర నమోదు చేయడం నా పని. నీ దగ్గర నా పేరు ‘రిపోర్టర్’. ఒకసారి మా మేనత్త నా స్క్రీన్ మీద ఆ మాట చూసి, ఏ పేపర్లో చేస్తున్నావే అని అడిగింది. రోజూ వార్తలు రాసేదాన్నే అత్తా, చదివేవాళ్లే లేరు అన్నాను.

ఈ ఉత్తరం 4173వ నంబరు బగ్ గురించి. నీకు గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే నీకు మరుపు లేదు, నీ గొప్పా అదే, మా ఖర్మా అదే. 2017లో ఒక క్లయింటుకి రసీదులు ప్రింట్ చేసే అప్లికేషన్ చేస్తున్నాం. టెస్ట్ డేటాకి నేనెప్పుడూ ఇంట్లోవాళ్ల పేర్లే వేస్తాను, ఆ రోజు మా అమ్మ పేరు వేశాను. లక్ష్మి. స్క్రీన్ మీద లక్షణంగా కనబడింది. పీడీఎఫ్ తీసి చూస్తే ‘లక్‌ష్‌మి’ అని, ఎవరో రోట్లో వేసి దంచినట్టు ముక్కలుగా వచ్చింది. సంగతేంటంటే, మన కంటికి ఒక్కటిగా కనబడే ‘క్ష్మి’ కంప్యూటర్‌కి ఆరు ముక్కలు: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఏ వత్తు ఎక్కడ కట్టాలో, గుడి ఎవరి నెత్తిన పెట్టాలో చూసుకునే పని వేరే ఉంటుంది. బ్రౌజరుకి ఆ పని వచ్చు. మేం వాడిన పీడీఎఫ్ లైబ్రరీకి, అంటే పీడీఎఫ్ చేసిపెట్టే రెడీమేడ్ కోడ్‌కి, రాదు, దానికి వచ్చిందల్లా ముక్కల్ని వరసగా పేర్చడమే.

ఇదంతా నీకు పద్ధతిగా రాసిచ్చాను. బగ్‌ని మళ్లీ ఎలా రప్పించాలో చెప్పే స్టెప్స్, రావాల్సింది ఏంటి, వచ్చింది ఏంటి, ఏ బ్రౌజరు, ఏ బిల్డు (అంటే అప్లికేషన్ ఏ వెర్షన్), పక్కన అటాచ్‌మెంటు. ఈ విషయంలో మన పెద్దవాళ్లే నయం. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ వాళ్ల మార్క్ 2 కంప్యూటర్లో 70వ నంబరు రిలేలో, అంటే కరెంటుతో నడిచే స్విచ్చులో, ఇరుక్కున్న రెక్కల పురుగుని తీసి, లాగ్‌బుక్కులో టేపుతో అంటించి, బగ్ నిజంగా దొరికిన మొదటి కేసు ఇదేనని పక్కన రాశారు. బగ్ అనే మాట ఇంజనీర్లకి కొత్త కాదు, 1870ల్లోనే ఎడిసన్ వాడాడు, అందుకే అది జోకు అయింది. కానీ చూడు, టైము మూడుం ముప్పావు అని రాశారు, ప్యానెల్ ఎఫ్ అని చోటు రాశారు, అటాచ్‌మెంటుగా ఏకంగా పురుగునే పెట్టారు. ఆ పుస్తకం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇంతకన్నా మంచి బగ్ రిపోర్ట్ నేనైతే చూడలేదు. మా దగ్గర ‘పని చేయట్లేదు’ అని ఒక్క ముక్క, దానికి తోడు మానిటర్‌ని ఫోన్‌తో తీసిన ఫొటో, అందులో బగ్ కన్నా తీసినవాడి గళ్ల చొక్కానే బాగా కనబడుతుంది.

రాసిచ్చాక నువ్వు రెండు ప్రశ్నలు అడిగావు. సివియారిటీ ఎంత, ప్రయారిటీ ఎంత. ఈ రెండూ ఒకటేనని ఇప్పటికీ మా ఆఫీసులో సగం మంది నమ్మకం. కొత్తగా చేరిన పిల్లలకి నేనిలా చెబుతుంటాను. పెళ్లి శుభలేఖలో పెళ్లికొడుకు పేరులో ఒక అక్షరం తప్పు పడింది అనుకోండి, జరిగిన నష్టం ఒక అక్షరం, అంటే సివియారిటీ చాలా తక్కువ, కానీ రాత్రికి రాత్రి ప్రెస్సువాణ్ని నిద్రలేపాల్సిందే, అంటే ప్రయారిటీ ఒకటి. అదే అటక మీద పదేళ్లకోసారి దించే గంగాళానికి చెయ్యి పట్టేంత చిల్లు పడితే సివియారిటీ ఘోరం, కానీ ఎవరికి తొందర? దెబ్బ ఎంత లోతు అనేది సివియారిటీ. దెబ్బ ఎవరికి తగిలింది అనేది ప్రయారిటీ. ఈ రెండో వాక్యం ట్రైనింగులో చెప్పరు, నేనే కనిపెట్టాను.

మా అమ్మ పేరు ముక్కలవడానికి మైనర్ అన్నారు, పీ4, అంటే ప్రయారిటీ నాలుగు అన్నారు. ఆ వారమే క్లయింటు కంపెనీ లోగోలో నీలం కాస్త ముదురుగా ఉందని వచ్చిన టికెట్టుకి పీ1 ఇచ్చి, పాపం ఒక పిల్లాడిని శనివారం ఆఫీసుకి రప్పించారు.

ఈలోపు డెవలపర్ తమ్ముడు 4173 తెరిచి, స్క్రీన్ మీద చూసి, పీడీఎఫ్ జోలికి పోకుండా ‘వర్క్స్ ఫర్ మీ’ అని మూసేశాడు. నాకైతే బాగానే ఉంది అని. ఈ మాట వాడి సొంతం కాదులే, మీ వంశంలోనే ఉంది. 1998లో బ్రౌజర్లు చేసే మొజిల్లా వాళ్ల కోసం టెర్రీ వైస్‌మన్ అనే ఆయన బగ్‌జిల్లా రాశాడు, వెబ్‌లో నడిచే మీ అందరికీ పెద్దదిక్కు అదే అనుకోవచ్చు. బగ్ కథ ముగిసిపోతే ఎలా ముగిసిందో చెప్పడానికి అది ఎప్పట్నుంచో వాడుతున్న మాటలే ఇవన్నీ: ఫిక్స్‌డ్, ఇన్వాలిడ్, వోంట్‌ఫిక్స్, డూప్లికేట్, వర్క్స్‌ఫర్‌మీ. లెక్కపెట్టు, అయిదింట్లో బాగుచేశాం అని చెప్పేది ఒక్కటే. మిగతా నాలుగూ బాగుచేయకుండా మూయడానికి. అందులో నేను గౌరవించేది వోంట్‌ఫిక్స్ ఒక్కదాన్ని, చెయ్యం పో అని మొహాన చెబుతుంది.

మీ పేర్ల కథ కూడా బాగుంటుంది. బగ్ అంటే పురుగు. దాన్ని పట్టడానికి బగ్‌జిల్లా పుట్టింది. ఆస్ట్రేలియాలో అట్లాసియన్ అనే కంపెనీ వాళ్లు తాము వాడుతున్న ఆ బగ్‌జిల్లాని, గాడ్జిల్లాకి జపాన్‌లో ఉన్న అసలు పేరుతో గోజిరా అని సరదాగా పిలుచుకుని, 2002లో తమ సొంతది తెచ్చినప్పుడు అందులో ముందు అక్షరం తీసేసి జిరా అన్నారు. పురుగుని పట్టడానికి ఊళ్లు తొక్కే రాక్షసిని తెచ్చుకుని, తొక్కుతోందేంటి అని ఏడిస్తే ఎలా. మీ బగ్‌జిల్లా తాతకి మాత్రం ఒక విషయంలో దండం పెడతాను. వెతికిన బగ్ ఏదీ దొరక్కపోతే ఆయన ‘జీరో బగ్స్’ అనడు, ‘జారో బూగ్స్’ అని కావాలనే తప్పుగా రాస్తాడు. సాఫ్ట్‌వేర్‌లో సున్నా బగ్‌లు ఉంటాయని నోటితో అనకూడదని. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం చూడు, అలా.

నేను 4173ని రీఓపెన్ చేశాను. అప్పుడు మొదలైంది అసైనీల, అంటే బగ్ ఎవరి పేరు మీద వేస్తే వాళ్ల, ఊరేగింపు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం పాత సామెత, మా దగ్గర భుజాలు తడుముకునే లోపే ఇంకొకడి పేరు ట్యాగ్ చేసేస్తారు. ప్రింటింగ్ టీమ్ ఇది ఫాంట్ సమస్య అంది. ఫాంట్ చూసేవాడు లైబ్రరీ సమస్య అన్నాడు. లైబ్రరీ తెచ్చినవాడు బెంగళూరు వెళ్లిపోయాడు. తర్వాత తీసుకున్న అబ్బాయి నిజంగా మంచివాడు, రెండు రోజులు కూర్చుని ఎక్కడ తప్పుందో కనిపెట్టి కామెంట్‌లో శుభ్రంగా రాశాడు కూడా, మూడో రోజు వాడికి వీసా వచ్చి డాలస్ వెళ్లిపోయాడు. నువ్వు మాత్రం ఏడాది పాటు వాడి పేరు మీదే ఉంచావు, పక్కన బూడిద రంగులో ‘ఇనాక్టివ్’ అని చిన్న ముక్క పెట్టి. మంగళవారం మంగళవారం ట్రయాజ్ అని ఒక మీటింగ్ ఉంటుంది, యుద్ధంలో దెబ్బలు తగిలినవాళ్లలో ముందు ఎవరికి వైద్యం చేయాలో విడదీయడానికి వాడిన మాటట. మా ట్రయాజ్‌లో సమోసాలు ఉంటాయి. 4173 వంతు వచ్చేసరికి సమోసాలు, టైము రెండూ అయిపోయి ఉంటాయి.

ఒక్క వారం మాత్రం 4173కి రాజయోగం పట్టింది. 2018 ఫిబ్రవరిలో ప్రపంచం మొత్తానికి ఒక తెలుగు అక్షరం పేరు తెలిసింది, గుర్తుందా? జ్ఞా. ఆ అక్షరాన్ని ఒక రకంగా టైప్ చేసి పంపితే, అంటే మధ్యలో కంటికి కనబడని ఒక విడగొట్టే గుర్తు పడితే, ఐఫోన్‌లో మెసేజులు తెరిచే యాప్ తెరిచినట్టే కుప్పకూలేది. జ్ఞానం అనే మాటలో మొదటి అక్షరం తట్టుకోలేక అంత ఖరీదైన ఫోన్లు పడిపోతుంటే, నవ్వాలో గర్వపడాలో తెలియక మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరూ ఒకళ్లకొకళ్లు అదే పంపుకున్నారు. మా క్లయింటు తెలుగు అనే భాష పేరు గట్టిగా పలికింది ఆ వారమే. 4173 పీ4 నుంచి పీ2కి ఎక్కింది, నలుగురు పెద్దమనుషులు వాచర్లుగా చేరారు, ‘ఎనీ అప్‌డేట్?’ అని ఒకే రోజు ఆరుసార్లు అడిగారు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 అని అప్‌డేట్ ఇచ్చి వాళ్ల సంగతి చక్కబెట్టుకుంది. ఆ శుక్రవారం మాది మళ్లీ పీ4.

ఆ తర్వాత వచ్చింది నాకు ఇప్పటికీ మింగుడుపడని మాట, వర్క్ అరౌండ్. చుట్టూ తిరిగి వెళ్లే దారి. కామెంట్ నంబరు 31లో ఉంది, చూసుకో: కస్టమర్లను పేరు ఇంగ్లీషులో టైప్ చేసుకోమనండి. రాసినవాడిది గుంటూరు. వాడి పేరులోనే రెండు వత్తులున్నాయి. ఇంతకీ ఆ సలహా బాగానే పనిచేసింది, సమస్య చెప్పేవాళ్లు తగ్గారు, అందుకని 4173ని ‘నోన్ ఇష్యూ’ చేశారు. అందరికీ తెలిసిన సమస్య అన్నమాట. మా వీధి మొదట్లో గుంట కూడా నోన్ ఇష్యూనే, ఆటోలు చూడకుండానే పక్కనుంచి తిప్పుతాయి, కొత్తగా వచ్చినవాడే అందులో పడతాడు. ఆ పైన బ్యాక్‌లాగ్‌లో వేశారు. బ్యాక్‌లాగ్ అంటే అటక. అటకెక్కిన వస్తువు ఇంట్లో లేదనీ అనలేం, ఉందనీ అనలేం.

దిగులుగా ఉన్నప్పుడు నేను ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల ఒకటో నంబరు బగ్ తలుచుకుంటాను. 2004లో ఉబుంటు మొదలుపెట్టిన మార్క్ షటిల్‌వర్త్ స్వయంగా వేసిన బగ్ అది, మార్కెట్లో సింహభాగం మైక్రోసాఫ్ట్‌దే అనేదే ఆ బగ్. 2013లో ఆయనే మూసేశాడు. ఉబుంటు గెలిచి కాదు, జనం ఫోన్లు, ట్యాబ్లెట్ల వైపు పోవడంతో లెక్కే మారిపోయి. తొమ్మిదేళ్లు తెరిచి ఉంచిన బగ్ చివరికి వేరే ఎవరి పనివల్లో తీరిపోయింది. అప్పట్లో అది చదివి నవ్వుకున్నాను.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు గడులున్న అలమరావి, ఏ గడిలో ఏం దాచాలో మాకే బాగా తెలుసు. బగ్‌లు ఎన్ని పట్టావు అని అప్రైజల్‌లో అడుగుతారని ఒకే బగ్‌ని అయిదుగా చీల్చి వేసినదాన్ని నేనూ ఉన్నాను, ఆ పాపం నీ హిస్టరీ ట్యాబ్‌లో తారీకులతో సహా ఉంది, అందుకే ఎక్కువ అరవను.

ఉంటాను మరి.

ఇట్లు,
రిపోర్టర్ గడిలో ఉండే మనిషి

తా.క. ఉత్తరం ముగించి పంపబోతుంటే నీ మెయిల్ వచ్చింది. 4173 మీద ఎవరో కొత్తమ్మాయి కామెంట్: ‘ఇది ఇంకా వస్తోందా అక్కా? కొత్త బిల్డులో ఒకసారి చూస్తారా?’ చూశాను. అమ్మ పేరు వేసి పీడీఎఫ్ తీశాను. లక్ష్మి అనే వచ్చింది. వత్తులన్నీ ఎక్కడివక్కడ, గుడి కకారం నెత్తిన. రెండోసారి తీశాను, శ్రీలక్ష్మి అని, రాజ్యలక్ష్మి అని కూడా తీశాను, అన్నీ చక్కగానే ఉన్నాయి. ఎవరు బాగుచేశారని అడిగితే ఎవరికీ తెలీదు. ఎవరో ఇంకేదో పనికోసం ఆ లైబ్రరీ కొత్త వెర్షన్ ఎక్కించారట, దాంతోపాటు ఇదీ పోయినట్టుంది. మూసేద్దామని నొక్కితే, ఎలా ముగిసింది అని అడిగావు. ఫిక్స్‌డ్ అని పెడదామంటే ఏ మార్పుతో పోయిందో చూపించమన్నావు, నా దగ్గర లేదు. ఇన్వాలిడ్ అనడానికి మనసొప్పలేదు, అది మా అమ్మ పేరు. కిందికి జరుపుకుంటూ పోయి చివర్లో మిగిలినదాన్ని, వర్క్స్ ఫర్ మీని, నా చేత్తో నేనే నొక్కాను.