సెట్టును తిట్టుడు ఆపి జాయింటు విప్పి చూడండి

రేడియో సరిగ్గ వినపడకపోతే మన దగ్గర మొదటి మాట ఒకటే: "సెట్టు పోయింది." వేలు పోసి ఇంకో సెట్టు తెస్తరు. డాబా ఎక్కి యాంటెన్నా కాడ జాయింటు విప్పి చూసేటోళ్లు మాత్రం కనపడరు. ఈ అలవాటు మీద నాకు నిజంగ కోపం.

ఈ నడుమ హన్మకొండల ఒక దోస్తు యాంటెన్నా దించినం. అల్యూమినియం పైపుకు రాగి తీగ చుట్టి, మీద నల్ల ఇన్సులేషన్ టేపు వేసిండ్రు. టేపు విప్పితే లోపల సున్నం లెక్క తెల్లపొడి, వేలు తాకితే రాలిపోతున్నది. రాగికి పచ్చగ చిలుము. కేబుల్ తొడుగు కోసి చూస్తే నీళ్లు లోపలి జాలీ (తొడుగు కింద అల్లిన సన్నతీగల వల) పట్టుకొని మూరెడు దూరం లోపలికి పాకినయ్. సెట్టుకేమో ఏ రోగం లేదు.

అల్యూమినియానికి గాలి తగిలిన క్షణంలనే ఆక్సైడ్ పొర పడతది. ఆ పొర లోహాన్ని కాపాడతది గని కరెంటును పోనియ్యది. పక్కన రాగి ఉండి నడుమ వాన నీళ్లు చేరితే అదొక బ్యాటరీ. రెండింటి ప్రామాణిక పొటెన్షియల్‌కు (ఒక్కో లోహానికి లెక్కగట్టిన వోల్టేజికి) తేడా దాదాపు 2 వోల్టులు, అరిగిపోయేది అల్యూమినియమే. దానికితోడు మన ఎండలు. వేడికి అల్యూమినియం రాగికంటె ఎక్కువ సాగి, చల్లబడితే ముడుచుకుంటది. అట్ల రోజూ జరిగి బిగింపు వదులైతది, ఆ సందులకే వాన దిగుతది. ఆక్సైడ్ పట్టిన జాయింటు, కరెంటును ఒకే దిక్కు పోనిచ్చే డయోడ్ పని కూడ చేస్తది: దగ్గరి స్టేషన్ల సిగ్నళ్లను కలగలిపి గాలిల లేని గోల పుట్టిస్తది.

రాగిని అల్యూమినియానికి నేరుగ తగలనియ్యకండి. తగరం పూత ఉన్న లగ్గో (తీగ కొసకు బిగించే లోహపు బిళ్ల), స్టెయిన్‌లెస్ వాషరో నడుమ పెట్టాలె. అల్యూమినియాన్ని ఎమరీతోని మెరిసేదాక రుద్ది, అప్పటికప్పుడే జింకు పొడి కలిసిన యాంటీ ఆక్సిడెంట్ పేస్టు పూసి బిగించాలె. ఇయ్యాల రుద్ది రేపు బిగిస్తనంటే ఆ రుద్దుడు దండుగ. కోక్స్ (యాంటెన్నా నుంచి సెట్టుకొచ్చే జాలీ కేబుల్) కనెక్టర్ లోపల నడిమి పిన్ను కాడ మాత్రం ఆ పేస్టు పోనియ్యొద్దు. డిష్ కేబుల్ అల్యూమినియం జాలీకి సోల్డర్ పెట్టాలని కుస్తీ పడేటోళ్లను చూస్తుంటా. మామూలు సోల్డర్ దానికి అంటదు, సోల్డర్ లేకుంట నొక్కి బిగించే కంప్రెషన్ కనెక్టర్ వాడండి.

బిగించినంక సాగదీస్తే తనకు తనే అతుక్కునే రబ్బరు టేపు చుట్టి, దాని మీద వినైల్ టేపు కింది నుంచి మీదికి వేసుకుంట రావాలె. అప్పుడే నీళ్లు మడతలల్ల ఆగకుంట జారిపోతయ్. కేబుల్ ఇంట్లకొచ్చే ముందు కిందికి ఒక వంపు ఇయ్యండి. సందులు మూసెటందుకు వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ గమ్ము అసలే వద్దు. అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదిలి లోపలి రాగిని తింటది.

2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల 24 గంటలల్ల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే జనం ఇండ్ల మీదికెక్కి కూసున్నరు. అసొంటి రాత్రి కరెంటు, సెల్లు రెండూ పోతే మాట దాటించేది రేడియోనే. ఆనాడు పలకని యాంటెన్నా మన డాబా మీద ఎన్నేండ్లుంటే ఏం లాభం?

మృగశిర రాకముందే టేపు విప్పి చూడండి. తెల్లపొడి కనపడితే ఫొటో తీసి కింద కామెంట్లల్ల పెట్టండి, ఆ జాయింటుకు ఏం చెయ్యాల్నో చెప్త.