బోనులో పెట్టుకున్న ప్రేమ: 'క్యాట్ పీపుల్' రీమేక్‌ని ఎందుకు వెనకేసుకొస్తున్నానంటే

అసలు గొప్పదా, రీమేక్ గొప్పదా అన్న పంచాయితీలో 'క్యాట్ పీపుల్' పేరు వచ్చినప్పుడల్లా తీర్పు ముందే రాసిపెట్టి ఉంటుంది. 1942లో జాక్ టూర్నర్ తీసిన నలుపు తెలుపు హాలీవుడ్ హారర్ సినిమా కళాఖండం. 1982లో పాల్ ష్రేడర్ తీసిన రంగుల రీమేక్ బూతు. మొదటిది నీడలతో భయపెట్టింది, రెండోది బట్టలిప్పి, నెత్తురు కార్చి భయపెట్టాలని చూసింది. ఫిల్మ్ క్లబ్బుల నుంచి యూట్యూబ్ దాకా ఇదే పాట విని విని విసుగొచ్చింది. ఈ మాట అనేవాళ్లలో సగంమంది రీమేక్‌ని చివరిదాకా చూసి ఉండరని నా అనుమానం. చూసి ఉంటే ముందు బోను గురించి మాట్లాడేవాళ్లు, బట్టల సంగతి తర్వాత.

కథ తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఐరీనా అనే అమ్మాయి. కోరిక రగిలితే నల్ల చిరుతగా మారిపోయే వంశంలో పుట్టింది. 1942 ఐరీనా సెర్బియా నుంచి న్యూయార్క్ వచ్చి ఫ్యాషన్ బొమ్మలు గీసుకుని బతుకుతుంది. పెళ్లయ్యాక కూడా మొగుణ్ణి దగ్గరికి రానివ్వదు, ముద్దు పెట్టుకుంటే లోపలున్నది లేస్తుందని భయం. సిమోన్ సిమోన్ ఆ పాత్ర చేసింది. 1982లో అదే పాత్ర నస్టాసియా కిన్స్కీది, ఊరు న్యూ ఆర్లీన్స్. చిన్నప్పుడే విడిపోయిన అన్న పాల్ దగ్గరికి వస్తుంది. ఆ అన్నగా మాల్కమ్ మెక్‌డవెల్. మనుషులతో కలిస్తే చిరుతలమైపోతాం, మళ్లీ మనిషి రూపం రావాలంటే ఒక ప్రాణం తీయాలి, అందుకే మనకి మనమే దిక్కు అంటాడు. వాళ్ల అమ్మానాన్నలు కూడా అన్నాచెల్లెళ్లేనట. ఇక్కడే చాలామంది సినిమా ఆపేసి ఉంటారు.

అసలు సినిమా మీద నాకేం కోపం లేదు. ఆర్‌కేఓ స్టూడియో వాళ్లు నిర్మాత వాల్ ల్యూటన్ చేతిలో ముందు టైటిల్ పెట్టి, కథ తర్వాత వండుకోమన్నారు. ఖర్చు లక్షన్నర డాలర్లు దాటకూడదు. ఆర్సన్ వెల్స్ సినిమాకి కట్టిన మెట్ల సెట్టునే మళ్లీ వాడుకున్నారు. పైన హేస్ కోడ్ అనే హాలీవుడ్ సెన్సారు కత్తెర. ఆ ఇరుకులోంచే ఆ చీకటి పుట్టింది. ఐరీనా మొగుడి ఆఫీసులో పనిచేసే ఆలిస్ రాత్రిపూట పార్కు పక్కన ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక వినిపిస్తున్న ఐరీనా మడమల టకటక ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో మన ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు బుస్సుమని ఏదో అడ్డంగా దూసుకొస్తుంది. చూస్తే సిటీ బస్సు! హారర్ సినిమాల్లో ఉలిక్కిపడే ఆ టెక్నిక్‌కి ఇప్పటికీ 'ల్యూటన్ బస్' అనే పేరు. దండం పెట్టాల్సిందే.

కానీ నీడలు పక్కన పెట్టి, ఆ సినిమా ఏం చెబుతోందో అడగండి. మొగుడు ఆలివర్ మంచివాడు. జీవితంలో ఇంతవరకు తనకి బాధంటే తెలియదని తనే చెప్పుకుంటాడు. పెళ్లాం కష్టం అర్థం కాక సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తాడు. తన కష్టం మాత్రం ఆఫీసులో ఆలిస్‌కి చెప్పుకుంటాడు. డాక్టరు వైద్యం మానేసి ఐరీనా మీదే కన్నేస్తాడు, చస్తాడు. ఐరీనా కూడా చస్తుంది. శవం దగ్గర నిలబడి ఆలివర్ అనేది ఒకటే, ఆమె మనకి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదని. అని, ఆలిస్‌తో కలిసి వెళ్లిపోతాడు. అతని చొక్కా మీద ఒక్క మరక కూడా పడదు. ఆడదాని కోరిక ఒక జబ్బు, జబ్బు పోయింది, ఇల్లు శుభ్రపడింది. డెబ్భై మూడు నిమిషాల కళాఖండం తేల్చింది ఇది.

ష్రేడర్ ఈ లెక్క ఒప్పుకోలేదు. అతను చేసిన పెద్ద మార్పు బెడ్‌రూమ్‌లో లేదు, ఆలివర్ ఉద్యోగంలో ఉంది. అసలు సినిమాలో అతను ఓడల డిజైన్లు గీసే ఇంజినీరు. రీమేక్‌లో జూ క్యురేటర్. ఈ ఒక్క మార్పు కోసమే ఈ రీమేక్ తీయొచ్చు అంటాను. ఇక్కడ హీరోకి జంతువులంటే ప్రాణం. ఎలాంటి ప్రాణమంటే, కటకటాల వెనక ఉన్నంతసేపూ ప్రాణం. అన్న చిరుత రూపంలో దొరికినప్పుడు తెచ్చి బోనులో పెట్టింది అతనే. చచ్చాక ఆ కళేబరాన్ని బల్ల మీద పెట్టి కత్తితో కోసేదీ అతనే. ఆ కోసిన పొట్టలోంచి మెల్లగా మనిషి చెయ్యి ఒకటి బయటికి వస్తుంది. నేను మొదటిసారి అరిగిపోయిన వీడియో క్యాసెట్‌లో, గీతలు పడుతున్న బొమ్మలో ఇది చూశాను. కడుపులో తిప్పింది. చాలా ఏళ్ల తర్వాత శుభ్రమైన ప్రింటులో చూస్తే నా కళ్లు ఆ చేతి మీద లేవు, కత్తి పట్టుకున్న చేతి మీద ఉన్నాయి.

ఇక చివరి పావుగంట. ఐరీనా ఒక మనిషిని చంపి మళ్లీ మనిషైంది. నన్ను చంపెయ్ అని ఆలివర్‌ని అడుగుతుంది. చంపలేనంటాడు. అయితే నన్ను నా వాళ్లలో కలిపెయ్ అంటుంది, అంటే ఆఖరిసారి నాతో కలువు, నేను చిరుతనైపోతాను అని. అతను ఒప్పుకుంటాడు. ఒప్పుకుని తాళ్లు తెచ్చి, ఆమె చేతులూ కాళ్లూ మంచానికి కడతాడు. ఆలివర్‌గా చేసిన జాన్ హర్డ్ ఆ ముళ్లు వేసే తీరు చూడండి, తొందర లేదు, వణుకు లేదు, పని తెలిసినవాడి చేతులు. తర్వాతి సీన్ జూలో. నల్ల చిరుత బోనులో ఉంది. కటకటాల మధ్య నుంచి మాంసం తినిపిస్తాడు, మెడ నిమురుతాడు. అది ఒక్కసారి గుర్రుమంటుంది. బొమ్మ అక్కడే ఆగిపోతుంది, గాయకుడు డేవిడ్ బోవీ గొంతు లేస్తుంది.

దీన్ని రొమాంటిక్ ముగింపు అని రాసినవాళ్లున్నారు! నాకైతే ప్రేమ పేరుతో మగవాడు చేసే పని మీద హాలీవుడ్ వేసిన కఠినమైన బొమ్మల్లో ఇదొకటి. ఆమెకి కావలసింది ఇచ్చానని అతను అనుకుంటున్నాడు. అతనికి కావలసింది బోనులో ఉంది. పరాయిదాన్లా వీధిలో తిరగదు, ఎవర్నీ చంపదు, ఎక్కడికీ వెళ్లదు, రోజూ తన చేత్తోనే తింటుంది. 1942 ఆలివర్ చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. 1982 ఆలివర్ చేతులు ఆ బోను దగ్గరే ఉండిపోయాయి.

మరి బూతు సంగతేంటి అంటారా? ఉంది, బుకాయించను. కిన్స్కీ ఒంటి మీద కెమెరా అవసరానికి మించి ఆగిన చోట్లున్నాయి. నారింజ రంగు ఎడారిలో అమ్మాయిని చెట్టుకి కట్టి చిరుతకి బలిచ్చే తొలి ఘట్టం, ఎక్కడిదో తెలియని 'ఆటవికుల' మీద అమెరికా వాడి పాత మోజే. నీడలో దాచింది మనసులో ఎక్కువ పెరుగుతుందన్న ల్యూటన్ అభిమానుల వాదనకీ బలముంది. కానీ ష్రేడర్ పుట్టి పెరిగింది గ్రాండ్ రాపిడ్స్‌లోని కరడుగట్టిన కాల్వినిస్టు (కఠిన నియమాల ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ) ఇంట్లో. టీనేజ్ దాదాపు అయిపోయేదాకా సినిమా హాలు గడప తొక్కనివ్వలేదు. ఒళ్లంటే పాపమని ఉగ్గుపాలతో నేర్పిన ఇంటినుంచి వచ్చినవాడు ఆ ఒంటిని వెలుతురులోకి లాక్కొచ్చి చూస్తే, అది చొల్లు కార్చడంలా మాత్రమే కనిపించేవాళ్లతో నేను వాదించలేను.

సినిమా నిజంగా చతికిలబడిన చోటు వేరే ఉంది. స్విమ్మింగ్ పూల్ సీన్. 1942లో ఆలిస్ ఒంటరిగా నీళ్లలో ఉంటుంది. పైకప్పు మీద నీళ్ల వెలుగు కదులుతుంటే ఎక్కడినుంచో గుర్రుమనే చప్పుడు. దీపాలు వెలిగాక గట్టు మీదున్న ఆమె గౌను పీలికలై కనిపిస్తుంది. సినిమా చరిత్రలో నిలిచిపోయిన ఘట్టం. ష్రేడర్ దాన్ని ముట్టుకోకుండా ఉండలేకపోయాడు. అదే పూల్, అదే చీకటి, అవే కేకలు, కాకపోతే ఈసారి ఆలిస్‌గా చేసిన ఆనెట్ ఓటూల్ ఒంటి మీద పైబట్టలు లేవు. రీమేక్ మొత్తంలో చప్పగా ఉన్నది ఇదే. అసలు సినిమాకి ఎక్కడ భక్తిగా దండం పెట్టాడో అక్కడే పడ్డాడు, ఎక్కడ ఎదురు తిరిగాడో అక్కడ గెలిచాడు.

రీమేకుల గురించి నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది ఇదే. రీమేక్ అంటే సీన్లు మోసుకురావడం అని మన పరిశ్రమ తీర్మానించుకుంది. ఒకప్పుడు దానికి అర్థముంది. మలయాళం సినిమా మన ఊరి థియేటర్‌కి వచ్చేది కాదు, వచ్చినా భాష తెలియదు. ఇప్పుడు 'లూసిఫర్' తెలుగు డబ్బింగ్ జనం ఫోన్లలో చూసేశాక 'గాడ్‌ఫాదర్' తీశారు. సీన్లు చూసేసినవాడికి మళ్లీ సీన్లే అమ్మితే ఏం కొంటాడు? మార్పు చేసినప్పుడు కూడా మనకి వచ్చే మార్పు ఒకటే, హీరోని పెంచడం. హిందీ 'పింక్'లో కోర్టు బోనులో నిలబడి సమాధానం చెప్పేది ముగ్గురు అమ్మాయిలు. 'వకీల్ సాబ్'కి వచ్చేసరికి లాయరుకి ఫ్లాష్‌బ్యాక్, ప్రేమ, ఫైట్లు. అడగాల్సిన ప్రశ్న అమ్మాయిల చేతుల్లోంచి జారి ఆయన జేబులోకి వెళ్లింది. ష్రేడర్ సరిగ్గా దీనికి తలకిందులుగా చేశాడు, మచ్చలేని హీరోని పట్టుకుని బోను పక్కన నిలబెట్టాడు.

మనిషి జంతువైపోయే కథ మనకి కొత్తేం కాదు. మన నాగినులు దశాబ్దాలుగా బుసలు కొడుతూనే ఉన్నారు. కానీ గమనించండి, నాగిని పగ పడుతుంది తప్ప కోరుకోదు. ఆమె జతగాడు చచ్చాకే మన కథ మొదలవుతుంది. పగ పట్టిన ఆడది మనకి దేవత, కోరుకున్న ఆడది మనకి చిక్కు.

అంతకంటే పాత కథ భారతంలోనే ఉంది. కిందముడనే ముని, భార్యతో కలిసి జింకల రూపం దాల్చి అడవిలో సుఖిస్తుంటాడు. వేటకొచ్చిన పాండురాజు జింకలనుకుని బాణాలు వేస్తాడు. చనిపోతూ ముని శపిస్తాడు, నువ్వూ భార్యతో కలిసిన క్షణానే చస్తావని. ఆ శాపంతోనే పాండురాజు పోయాడు, మాద్రి చితి ఎక్కింది. మునివి కదా, జింకవెందుకయ్యావంటే అతను చెప్పిన కారణం నాకు మరపురాదు. మనుషుల ముందు సిగ్గుపడి. కోరిక తీర్చుకోవడానికి ఒక తపస్వి మనిషి ఒంటిని వదిలిపెట్టాల్సి వచ్చింది. న్యూ ఆర్లీన్స్‌లో ఐరీనా మంచం మీద చేతులు కట్టించుకుని అడిగింది దీనికి దగ్గరగానే ఉంటుంది.

బాణం దెబ్బ తిన్నాక కూడా ముని ధర్మం గురించి పాండురాజుతో చాలాసేపు వాదించాడు. పక్కన పడిపోయిన ఆ లేడి ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె వైపు నుంచి ఎవరైనా తీయొచ్చు, రీమేక్ హక్కులు కూడా కొనక్కర్లేదు.